ఫోన్లోంచి రిమోటు ఎందుకు తీసేశారో ఎవరైనా చెబుతారా?

పోయిన నెల మా ఆఫీసులో ఓ తమాషా జరిగింది. క్లయింటుకి డెమో ఇవ్వాలి. మీటింగ్ రూములో గోడకి మంచమంత టీవీ ఉంది, దాని రిమోటు మాత్రం లేదు. టీవీ వెనకాల బటన్ ఉంటుందని తడిమాం కానీ అది గోడకి అతుక్కుపోయి ఉంది, వేళ్ళు దూరలేదు. గదిలో ఉన్నది ఏడుగురం, ఏడుగురమూ బీటెక్కులు వెలగబెట్టినవాళ్ళమే. అందరి ఫోన్లూ కలిపి లెక్కేస్తే నాలుగైదు లక్షలు చేస్తాయి. ఒకడు ఆ టీవీ కంపెనీ వాళ్ళ యాప్ దించుకున్నాడు. అది మొదట ఈమెయిలు అడిగింది, తర్వాత ఓటీపీ అడిగింది, ఆ తర్వాత లొకేషన్ అడిగింది. అన్నీ సమర్పించుకున్నాక టీవీ, ఫోనూ ఒకే వైఫైలో ఉండాలి అని చెప్పింది. టీవీ ఉన్న వైఫై వేరు, మా ఫోన్లకిచ్చే గెస్ట్ వైఫై వేరు. పైగా టీవీ ఆఫ్‌లో ఉంది మహాప్రభో!

అంతలో నీళ్ళ సీసాలు పెట్టడానికొచ్చిన హౌస్‌కీపింగ్ అన్న మా అవస్థ కాసేపు చూశాడు. జేబులోంచి తన రెడ్‌మీ ఫోన్ తీసి, టీవీ వైపు పెట్టి ఏదో నొక్కాడు. టీవీ వెలిగింది.

"ఇదేం యాప్ అన్నా?" అనడిగాడు మాలో అందరికన్నా చిన్నవాడు. నిరుడే కాలేజీలోంచి వచ్చాడు.

"కొత్తగా ఎక్కించింది ఏం లేదు సార్, ఫోన్‌తోనే వచ్చింది" అని ఆయన సీసాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మావాడు చాలాసేపు తేరుకోలేదు. ఫోన్లోంచి టీవీ రిమోటులా సిగ్నల్ వస్తుందని వాడికి తెలియనే తెలియదట. డెమో ఎలా జరిగిందని మాత్రం అడక్కండి. నా మనసు అప్పటికే కేసముద్రం వెళ్ళిపోయింది.

మాది కేసముద్రం. అప్పట్లో వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాల్ని విడగొట్టాక మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్ళింది, అయినా ఇప్పటికీ ఎవరైనా అడిగితే నోట్లోంచి ముందు వరంగల్ అనే వస్తుంది. కాజీపేట నుంచి విజయవాడ వైపు వెళ్ళే రైల్లో నెక్కొండ దాటాక వస్తుంది. ఊరు తెలియనివాళ్ళకి కూడా మా మార్కెట్ యార్డు పేరు తెలిసే ఉంటుంది. సీజన్లో మక్కలు, పసుపు, పెసళ్ళు కుప్పలు కుప్పలుగా వస్తాయి.

2017లో నా బీటెక్ రెండో ఏడాది అయిపోయింది. ఆ జనవరిలోనే మన దేశంలోకి రెడ్‌మీ నోట్ 4 వచ్చింది. ఫ్లాష్ సేల్ అని ఒకటుండేది, మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి వేళ్ళు బటన్ మీద పెట్టుకుని కూర్చోవాలి, తిరుపతిలో దర్శనం టిక్కెట్ కోసం కూర్చున్నట్టు. నాలుగోసారికి నాకు దొరికింది. ఆ ఫోన్ నెత్తిన ఓ చిన్న నల్ల చుక్క ఉండేది. అది ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోటు మూతిలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపమే. అది ఎందుకో తెలిసిన రోజు నుంచి నా అంత ప్రమాదకరమైన మనిషి మండలంలో లేడు :)

2017 జూన్ 18, ఆదివారం. చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, ఇండియా పాకిస్తాన్. మార్కెట్ దగ్గరి చాయ్ హోటల్లో కాలు పెట్టే సందు లేదు. పాకిస్తాన్ 338 కొట్టింది. రోహిత్ సున్నాకే పోయాడు. ఆమిర్ బౌలింగ్‌లో కోహ్లీ ఇచ్చిన క్యాచ్ స్లిప్‌లో నేలపాలైంది. హోటలంతా ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే నాకు పాడుబుద్ధి పుట్టింది. ఫోన్ జేబులోంచి సగం బయటికి లాగి నొక్కా. టీవీ ఆరిపోయింది.

ఆ అరుపులు, ఆ తిట్లు! హోటలాయన టీవీ నెత్తిన రెండు చరిచాడు. ఎవరో కేబులాయనకి ఫోన్ కలిపారు. ఇంకెవరో కరెంటోళ్ళ వంశాన్ని తలుచుకున్నారు. నేను భయపడి మళ్ళీ నొక్కేసరికి కోహ్లీ బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు. తర్వాతి బంతికే అవుటయ్యాడు కదా. మనం 180 పరుగులతో ఓడిపోయాం. ఆ ఓటమికి నేనే కారణమని చాలారోజులు లోలోపల కుమిలిపోయాను. ఎనిమిదేళ్ళయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నా.

ఈ విద్య ఆండ్రాయిడ్‌తో పుట్టిందేమీ కాదు. మా మేనేజరు గారిది నోకియా తరం. ఆయన కాలేజీ రోజుల్లో నోకియా 6600 ఉండేదట, 2003 మోడల్. అందులోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉండేది కానీ అది రింగుటోన్లు, ఫోటోలు పంచుకోవడానికి. రెండు ఫోన్లని ముక్కూ ముక్కూ ఆనించినట్టు పెట్టి కదలకుండా కూర్చునేవారట. ఐఆర్‌డీఏ అంటారు దాన్ని. ఆ ప్రమాణం తయారుచేసిన సంఘం 1993లో పుట్టింది. దానికీ టీవీ రిమోటుకీ భాష వేరు. టీవీ ఎదురుచూసేది సెకనుకి 38 వేలసార్లు మిణుకుమనే వెలుగు కోసం, ఐఆర్‌డీఏ చేసేది సీరియల్ పోర్టు పని. అయినా సింబియన్ మీద యాప్‌లు రాసేవాళ్ళు ఊరుకోలేదు. సీరియల్ పోర్టులోకి బైట్లని ఓ వరసలో తోస్తూ ఆ మిణుకుని నకలు చేశారు. టీవీకి మీటరు దూరంలో నిలబడితే పనిచేసేది. ఆ దూరంలో నిలబడ్డవాడు చేత్తోనే బటన్ నొక్కొచ్చు కదా అనకండి. ఇంజనీర్లకి అది అవమానం.

అసలైన వైభవం 2013లో మొదలైంది. హెచ్‌టీసీ వన్, గెలాక్సీ ఎస్4, ఎల్‌జీ జీ2 మూడూ ఆ ఏడాదివే, మూడిట్లోనూ నిజమైన రిమోటు దీపం ఉంది. హెచ్‌టీసీ వాళ్ళయితే పవర్ బటన్‌లోనే దాన్ని దాచారు. అదే ఏడాది చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో గూగుల్ దీనికోసం కన్‌స్యూమర్ ఐఆర్ మేనేజర్ అని ఓ క్లాసు పెట్టింది. నేను వాడిన ఏపీఐలన్నిట్లోకీ బుద్ధిమంతురాలు అదే. ఫోన్లో దీపం ఉందా లేదా అని అడగొచ్చు, అది ఏ ఫ్రీక్వెన్సీల దాకా వెళ్ళగలదో అడగొచ్చు, ఆ పైన ట్రాన్స్‌మిట్ అని ఒక్క ఫంక్షన్. ఎంత ఫ్రీక్వెన్సీలో మిణకాలి, ఎన్ని మైక్రోసెకన్లు వెలగాలి, ఎన్ని మైక్రోసెకన్లు ఆరాలి, ఇంతే. టోకెన్ లేదు, కాల్‌బ్యాక్ లేదు, సర్వరు లేదు. మేనిఫెస్టులో ఒక్క లైను పర్మిషన్ రాస్తే చాలు, వాడేవాణ్ణి ఏ పాపప్పూ అడగదు.

వెలుగులో పంపే మాట కూడా అంత సులువైనదే. ఎన్ఈసీ ప్రోటోకాల్ తీసుకోండి. ముందు 9 మిల్లీసెకన్లు వెలుగు, నాలుగున్నర మిల్లీసెకన్లు చీకటి. అది "ఇదిగో వింటున్నావా" అనడం. తర్వాత 32 బిట్లు. ఏ వస్తువుకి చెబుతున్నామో ఆ చిరునామా, దాని తిరగేసిన రూపం, ఏం చేయాలో ఆ ఆజ్ఞ, మళ్ళీ దాని తిరగేసిన రూపం. రెండూ సరిపోలకపోతే టీవీ పట్టించుకోదు. సున్నాకీ ఒకటికీ తేడా వెలుగులో ఉండదు, వెలుగు తర్వాత వచ్చే చీకటి ఎంతసేపన్న దాంట్లో ఉంటుంది. మొత్తం కలిపి సెకనులో పదో వంతు కూడా పట్టదు. నెట్‌వర్క్ చదివినవాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా యూడీపీ. విన్నావా లేదా అని అడిగే పద్ధతే లేదు. వినబడకపోతే మనిషే ఇంకోసారి నొక్కుతాడు. రీట్రై లాజిక్ అంతా బొటనవేలులోనే ఉంది.

ఇదంతా నాకు చదువులో రాలేదు, బాపమ్మ వల్ల వచ్చింది. బాపమ్మ అంటే నాయనమ్మే, మా వైపు అలాగే అంటాం.

2017 మార్చి 31 మీకు గుర్తుందా? కేబుల్ డిజిటైజేషన్ నాలుగో విడత గడువు. పల్లెలన్నీ అందులోకే వచ్చాయి. అంతకుముందు టీవీకి ఒకటే రిమోటు. బాపమ్మకి చదువు రాదు కానీ ఆ రిమోటు వేళ్ళకి అలవాటైపోయింది. పైన మూలన ఎర్రది నొక్కితే టీవీ, కింద కుడివైపుది నొక్కితే చానెల్ మారుతుంది. సెట్‌టాప్ బాక్స్ వచ్చాక రిమోట్లు రెండయ్యాయి. దీనికి సౌండు, దానికి చానెళ్ళు. చానెళ్ళకి మూడేసి అంకెల నంబర్లు. పొరపాటున టీవీ రిమోటులో ఏదో నొక్కితే తెర నల్లగా అయిపోయి, సిగ్నల్ లేదు అని ఇంగ్లీషులో ఓ డబ్బా అటూ ఇటూ తిరిగేది. ఇంట్లో ఎవరైనా ఉంటే సరే. మా నాన్న అడ్తి దుకాణంలో గుమాస్తా, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. అమ్మ పొలం దగ్గర. బాపమ్మ ఆ నల్ల తెర ముందు కూర్చుని ఉండేది. పక్కింటి పిల్లల్ని రెండుసార్లు పిలిచేది, మూడోసారి పిలిచేది కాదు.

"ఊకూకె ఏం అడుగుదు బిడ్డా, ఆళ్ళకు మాత్రం పనులుండయా" అనేది.

సెలవుల్లో ఇది చూశాక ఓ పని పెట్టుకున్నాను. ఫోన్లో వచ్చిన రిమోటు యాప్‌లో మా ఊరి కేబుల్ బాక్సు లేదు, టీవీ కూడా ఏ కంపెనీదో పేరు అరిగిపోయిన రకం. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో టీఎస్‌ఓపీ 1738 అనే మూడు కాళ్ళ రిసీవరు కొన్నాను. దాన్ని కాలేజీ ప్రాజెక్టు ఆర్డ్వినోకి తగిలించి, రెండు రిమోట్ల బటన్లూ ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చిన అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు రాత్రులు పట్టింది. తర్వాత ఓ యాప్ రాశాను. తెర మీద ఆరే ఆరు పెద్ద గళ్ళు. ఒకటి ఎర్రది, టీవీనీ బాక్సునీ కలిపి వెలిగించేది. రెండు సౌండువి. మిగతా మూడూ బొమ్మలు: దేవుడి బొమ్మ నొక్కితే భక్తి టీవీ, రెండు సీరియళ్ళ చానెళ్ళకి వాటి వాటి గుర్తులు. బొమ్మ నొక్కగానే చానెల్ నంబరులోని మూడు అంకెలూ వరసగా వెళ్ళిపోతాయి.

ఓ బగ్ ఉండేది, అది చివరిదాకా పోలేదు. రెండిటికీ ఆన్, ఆఫ్ ఒకే కోడు. టీవీ విని బాక్సు వినకపోతే ఒకటి వెలిగి ఒకటి ఆరేది. ఫోన్‌కి అవతల ఏం జరిగిందో తెలియదు కదా. ఎన్నో ఉపాయాలు ఆలోచించాను. ఈలోగా బాపమ్మే దానికి వర్క్అరౌండ్ కనిపెట్టింది. ఫోన్ నెత్తిని చేత్తో సగం మూసి, బాక్సు వైపు మాత్రమే తిప్పి నొక్కేది. ఎవరూ నేర్పలేదు. మొదటిరోజు ఫోన్ని తిరగేసి పట్టుకుని తన వైపే నొక్కుకున్న మనిషి!

"ఇగ నేను ఎవల్ని అడిగేది లేదు" అంది ఆ సాయంత్రం. నా కెరీర్లో ఇప్పటిదాకా వచ్చిన అప్రైజల్ రేటింగులన్నీ ఒకవైపు, ఆ మాట ఒకవైపు.

నేను ఇంకో ఫోన్ కొనుక్కుని నోట్ 4ని ఆమెకే వదిలేశాను. సిమ్ లేదు, నెట్ లేదు, తెర పగిలింది. అయిదేళ్ళకి పైనే అది టీవీ పక్కన గూట్లో రిమోటుగా బతికింది.

ఈలోపు లోకం మారింది. శాంసంగ్ ఎస్ వరసలో 2015 నాటి ఎస్6 వరకే ఆ దీపం ఉంది, 2016లో ఎస్7 నుంచి లేదు. హెచ్‌టీసీ కూడా ఆ ఏడాదే మానేసింది. ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మూసేసింది. ఐఫోన్లకి ఈ భాగ్యం ఎప్పుడూ లేదు. ఎందుకు తీసేశారంటే నా తోటివాళ్ళు చెప్పే కారణాలు మూడు. స్మార్ట్ టీవీలు వైఫైతో మాట్లాడతాయి. ఫోన్లో చోటు లేదు. ఎవరూ వాడట్లేదు. చోటు లేదన్నది నేనొప్పుకోను. షావోమీ వాళ్ళు పదిహేను వేల ఫోన్లోనూ పెడుతున్నారు, వన్‌ప్లస్ 12లోనూ ఉంది. ఆ దీపం విడిగా నేను కోఠిలో కొన్నప్పుడు చాయ్ కన్నా చవక. ఎవరూ వాడట్లేదన్నది నిజం కావచ్చు. అయితే ఫోన్‌కి ఆ సంగతి ఉందని కొన్నవాడికి ఎవరైనా చెబితే కదా.

వైఫై సంగతే అసలు కథ. దీపం ఓ మూగజీవి. మీరు ఏ చానెల్ పెట్టారో, ఎంతసేపు చూశారో దానికి తెలియదు, తెలిసినా ఎవరికీ చెప్పలేదు. వైఫై యాప్ అలా కాదు. టీవీయే ఏం చేస్తుందో చూడండి. 2017లో విజియో అనే అమెరికా టీవీ కంపెనీ, కోటీ పది లక్షల టీవీల్లో జనం ఏం చూస్తున్నారో వాళ్ళకి సరిగా చెప్పకుండా పోగుచేసిందన్న కేసులో 22 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ డేటాకి కొనేవాళ్ళున్నారు. దీపం పంపే వెలుగుకి కొనేవాళ్ళెవరున్నారు?

దీపానికి తాళం లేదు కదా, నీలాంటి వెధవలు ఎవడి టీవీ అయినా ఆపేయొచ్చు కదా అంటారు. నిజమే, కేసముద్రం చాయ్ హోటలే సాక్ష్యం. 2004లో మిచ్ ఆల్ట్‌మన్ అనే ఆయన టీవీ-బీ-గాన్ అని తాళంచెవికి తగిలించుకునే బొమ్మ ఒకటి అమ్మకానికి పెట్టాడు. దానికున్నది ఒకటే బటన్. నొక్కితే తెలిసిన టీవీలన్నిటి ఆఫ్ కోడ్లూ వరసగా వెళతాయి. 2008లో లాస్ వేగస్ సీఈఎస్ ప్రదర్శనలో గిజ్మోడో వెబ్‌సైటు కుర్రాళ్ళు దాంతో స్టాళ్ళలోని టీవీలు ఆపేసి అల్లరి చేస్తే, వాళ్ళలో ఒకణ్ణి ఆ ప్రదర్శనకి రాకుండా నిషేధించారు కూడా. బ్యాంకు లాకరుకో, ఇంటి తలుపుకో ఇలాంటి దీపం పెట్టమని నేనూ అనను.

టీవీ సంగతి వేరు. వెలుగు గోడలోంచి దూరదు. ఆ గదిలో, ఆ టీవీ ఎదురుగా కూర్చున్నవాడు మాత్రమే దాన్ని నడపగలడు. నన్నడిగితే టీవీకి అంతకు మించిన పర్మిషన్ అక్కర్లేదు. గదిలో ఉన్నవాడివి నువ్వే కాబట్టి నీదే రాజ్యం. వైఫై, అకౌంటు పద్ధతిలో ఎదురుగా కూర్చున్న మనిషికి హక్కు లేదు, ఎక్కడో ఉన్న సర్వరు ఊ అనాలి. అకౌంటు ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఊ అనాలి. ఇంట్లో అకౌంటు ఎవరి పేరున ఉంటుందో మీకు తెలుసు. కొడుకు పేరునో, మనవడి పేరునో.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. ఇంతకుముందు చేసిన కంపెనీలో ఇంటి సామాన్ల యాప్ ఒకటి రాశాం. ఫ్యాను స్పీడు మార్చడానికి లాగిన్ కావాలి. ఇంట్లో ఫోనూ ఫ్యానూ ఒకే రౌటరు మీద ఉన్నా, మాట బయటి సర్వరుకి వెళ్ళి తిరిగి రావాలి. లాగిన్ లేకుండా ఇంట్లోనే నడిచే దారి ఒకటి పెడదామని ఓ టికెట్ తెరిచాను. రెండు స్ప్రింట్లు కింద పడి ఉంది, మూడో స్ప్రింట్లో "చేయం" అని మూసేశారు. నేను గట్టిగా అడగలేదు. అప్రైజల్ నెల అది. లాగిన్ తెర కోడు రాసింది కూడా నేనే, చాలా శ్రద్ధగా రాశాను.

2023 దసరాకి మా ఇంట్లోకి కొత్త స్మార్ట్ టీవీ వచ్చింది. ఈఎంఐ నాదే. నోట్ 4 బ్యాటరీ అప్పటికే ఉబ్బిపోయి వెనక మూత లేచింది, భయమేసి తీసి పక్కన పెట్టాం. అన్నీ యాప్‌లలోనే వస్తున్నాయి కదా, ఇంక కేబుల్ ఎందుకని తీయించేసింది కూడా నేనే. రిమోటు సన్నగా, అందంగా, పది బటన్లతో ఉంది. అది బ్లూటూత్. టీవీ పెట్టగానే ఇంగ్లీషులో ఓ ప్రశ్న, కింద గుండ్రంగా నాలుగు బొమ్మలు.

"ఏమంటాందే అది?" అని బాపమ్మ మా అక్క కూతుర్ని అడిగింది.

"ఎవరు చూస్తున్నరు అని అడుగుతాంది తాతమ్మా."

"మా ఇంట్ల నన్నే నువ్వెవలని అడుగుతాందా!"

అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఏం చూస్తున్నావు బాపమ్మా అంటే, కళ్ళు గుంజుతానయి బిడ్డా, టీవీ చూస్తలేను అనేది. నిజమే అనుకున్నాను.

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. సికింద్రాబాద్, విజయవాడ మధ్య రైళ్ళన్నీ ఆగిపోయాయి. నేను హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాను. మా ఇంటికి కరెంటు మర్నాటికి వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం నాలుగు రోజులు రాలేదు. రెండోరోజు ఎలాగో ఫోన్ కలిసింది. అందరూ క్షేమమే. బాపమ్మ ఫోన్ తీసుకుని, "వాన బయట పడ్డది గదరా, టీవీ ఇంట్లనే ఉండె. ఇదెందుకు రాదు?" అంది.

నా దగ్గర జవాబు ఉంది, కానీ చెప్పడానికి నోరు రాలేదు. వార్తలు చూడటానికి వాళ్ళు ఎదురింటికి వెళ్ళారట. ఆ ఇంట్లో డాబా మీద డిష్షు, చేతిలో తలా తోకా అరిగిపోయిన పాత రిమోటు. మా ఊరి పట్టాల్ని మావాళ్ళు ఎదురింటి టీవీలో చూశారు. అక్కడే అమ్మ నాకు చెప్పింది, బాపమ్మకి కళ్ళు బానే ఉన్నాయట. ఎదురింట్లో రోజూ మధ్యాహ్నం సీరియల్ చూసి వస్తోందట. సంవత్సరం నుంచి.

రైళ్ళు మొదలయ్యాక ఊరికి వెళ్ళాను. కేబుల్ మళ్ళీ పెట్టించాను. టీవీ ఆన్ చేయగానే నేరుగా కేబుల్ బాక్సే వచ్చేలా సెట్టింగు మార్చాను. ఆ అందమైన రిమోటులో కూడా ఒక్క పవర్ బటన్ మాత్రం ఇన్‌ఫ్రారెడ్డే అని అప్పుడు తెలిసింది. చాలా స్మార్ట్ టీవీల్లో ఇంతేనట. ఎంత స్మార్టయినా, నిద్రపోతున్న టీవీని లేపడానికి ఆ మూగ దీపమే గతి. అది కోఠి నుంచి తెచ్చిన పాత రిసీవరుకి చిక్కింది. తర్వాత పైన నల్ల చుక్క ఉందో లేదో దుకాణంలో రెండుసార్లు చూసుకుని ఓ రెడ్‌మీ ఫోన్ కొన్నాను. పాత యాప్ ఎక్కించబోతే ఆండ్రాయిడ్ 14 ఒప్పుకోలేదు. ఆండ్రాయిడ్ 6 కంటే పాతవాటి కోసం రాసిన యాప్‌లని అది రానివ్వదు, నాది 4.4 కోసం రాసింది. ఏడేళ్ళ కిందటి కోడు తెరిచి టార్గెట్ అంకె మార్చి, టీవీ పవర్ కోడు కొత్తది పెట్టి బిల్డ్ చేశాను. ఐఆర్ భాగంలో ఒక్క లైను కూడా ముట్టుకోనక్కర్లేదు. ఏడేళ్ళ తర్వాత అలా కదలకుండా పనిచేసిన నా కోడు ఇంకొకటి చూపించమంటే నాకు సిగ్గేస్తుంది.

బాపమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఎర్ర గడి నొక్కింది. టీవీ కదల్లేదు. నేను లేవబోయాను.

"ఆగు. తలకాయ అటు పెట్టాలె గదా" అని ఫోన్ని తిప్పి పట్టుకుని మళ్ళీ నొక్కింది. టీవీ, దాని వెంట బాక్సు, రెండూ వెలిగాయి. దేవుడి బొమ్మ నొక్కింది. ఎవరో భజన చేస్తున్నారు. సౌండు రెండు గీతలు పెంచుకుంది.

కాసేపయ్యాక ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది:

"గిది మంచిగున్నదిరా. దీంట్ల ఫోన్ గూడ మాట్లాడొస్తదా?"